టీచర్ల ట్రైనింగులో నాటకం: ఫోరం థియేటర్ ఎలా చేయించాలి

ఒక తరగతి గది, పాతికమంది టీచర్లు, ఒక సుద్దముక్క, మధ్యలో ఎవరూ లేపని రెండు గంటలు. ఫోరం థియేటర్‌కి, అంటే ఒక సమస్యని ఆడి చూపించాక చూసేవాళ్లే లోపలికి వచ్చి దాన్ని మార్చి ఆడే నాటకానికి, ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. ప్రొజెక్టర్ లేకపోయినా, కరెంటు పోయినా ఈ ట్రైనింగ్ ఆగదు. నెల్లూరు జిల్లాలో చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులకు ఆర్పీగా (శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్‌గా) వెళ్తూ, అప్పుడప్పుడూ ప్రకాశం వైపు కూడా పోయి, కొన్నేళ్లుగా టీచర్లతో ఇది చేయిస్తున్నాను. రేపు మీరు ఆర్పీగా వెళ్లాల్సి వచ్చినా, టీచర్లను తయారుచేసే పల్లిపాడు డైట్‌లోనో మైనంపాడు డైట్‌లోనో డీఎడ్ చదివేవాళ్లకు క్లాసు తీసుకోవాల్సి వచ్చినా పనికొచ్చేలా రాస్తున్నాను.

ఎందుకు చేయాలో ముందు చెప్తాను. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఈ సంగతి ట్రైనింగుల్లో చెప్తాం, అందరూ నోట్సులో రాసుకుంటారు. సోమవారం అసెంబ్లీ అయిపోయాక లేటుగా వచ్చిన పిల్లవాడు గుమ్మంలో నిలబడ్డప్పుడు మాత్రం ఆ సెక్షన్ గుర్తుకు రాదు. మన నోటికి అలవాటైన మాటే ముందు వస్తుంది. ఆ అలవాటు నోట్సుకి లొంగదు. అదే టీచరు ఒక్క ఐదు నిమిషాలు ఆ పిల్లవాడి చోట నిలబడి, ఆ మాట తన చెవులతో విన్నాడనుకోండి, వచ్చే సోమవారం ఆ మాట గొంతులోనే ఒక క్షణం ఆగుతుంది. నేను ఈ పని చేసేది ఆ ఒక్క క్షణం కోసమే.

ఇది ఎక్కడి పద్ధతి

బ్రెజిల్ నాటక దర్శకుడు అగస్టో బోల్ (1931–2009) 1970లలో దీన్ని రూపుదిద్దాడు. సైనిక ప్రభుత్వం 1971లో ఆయన్ని పట్టుకుని చిత్రహింసలు పెట్టింది. తర్వాత దేశం విడిచిపోయి, 1973లో పెరూలో వయోజనులకు చదువు నేర్పే కార్యక్రమంలో పనిచేశాడు. అప్పట్లో ఆయన నాటకాల్లో చూసేవాళ్లు సలహా చెప్తే నటులు చేసి చూపించేవాళ్లు. పెరూలో ఒకామె ఒక సలహా చెప్పింది. నటి ఎన్నిసార్లు చేసినా ఆమె అనుకున్నట్టు రాలేదు. చివరికి ఆమే లేచి వేదిక ఎక్కి చేసి చూపించింది. చూసేవాళ్లే లోపలికి వచ్చి ఆడటం అనే పద్ధతికి మూలం ఆ సంఘటనేనని బోల్ చెప్పుకున్నాడు. మన దేశంలో పశ్చిమ బెంగాల్ పల్లెల్లో జన సంస్కృతి బృందం 1985 నుంచి ఈ దారిలో పనిచేస్తోంది.

మన నేలకి ఇది కొత్తేమీ కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు పాటలు, నాటకాలతో ప్రచారం చేసే కళాజాతాలు ఊరూరా తిరిగాయి. జాతా ఆడి వెళ్లిపోయాక రాత్రి బడుల్లో ఆడవాళ్లు పాఠం చదివి, అందులోని తాగుబోతు సంసారం మన సంసారమే కదా అని మాట్లాడుకున్నారు. దూబగుంటలో సారా అంగడి మూయించింది వాళ్లే. ఆ నిప్పు జిల్లా దాటి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చేదాకా ఆరలేదు. చూసినదాన్ని తమ బతుకుతో కలిపి మాట్లాడుకోవడం వల్లే వాళ్లు కదిలారు. మనం ట్రైనింగ్ హాల్లో చేయబోయేదీ అదే పని, చిన్న కొలతలో.

కథని వారం ముందే వెతుక్కోండి

అప్పటికప్పుడు కథ కట్టించబోతే టీచర్లు టీవీ సీరియల్ కట్టుకొస్తారు. అందుకని వచ్చే టీచర్లలో ముగ్గురు నలుగురికి వారం ముందే ఫోన్ చేయండి. “మీ సమస్యలేంటి?” అని అడగొద్దు. ఖాళీ పోస్టులు, యాప్‌లు, ఫోటోలు అప్‌లోడ్ చేయడాల గురించి చెప్తారు. అవి నిజమైన బాధలే, కానీ ఆ గదిలో తేలేవి కావు. ఇలా అడగండి: “ఈ మధ్య ఏ రోజైనా ఇంటికి పోయాక కూడా బడిలో జరిగింది మనసులో మెదిలిందా?” కాసేపు ఆగి చెప్తారు. ఆ ఆగి చెప్పిందే మీ కథ.

మా వైపు ఇలాంటివి వచ్చాయి: కనిగిరి ప్రాంతం నుంచి అమ్మానాన్నలు బేల్దారి పనులకు వలసపోతే అవ్వ దగ్గర ఉండి, వారంలో మూడు రోజులే బడికొచ్చే పిల్ల. వెనక బెంచీలో ఏడాదంతా నోరు విప్పకుండా కూర్చున్న యానాది పిల్లవాడు. కొండపి వైపు పొగాకు సీజన్లో సగం ఖాళీ అయ్యే తరగతి. “మా వాణ్ణి ఎందుకు తిట్టారు?” అని గేటు దగ్గరే గొంతు పెంచిన తండ్రి, లోపల చేతులు వణుకుతున్న కొత్త టీచరమ్మ.

కథలో నాలుగు ఉండాలి. ఒకరికి ఏదో కావాలి. వాళ్ల చేతిలో బలం తక్కువ. కథ చెడుగా ముగుస్తుంది. గదిలో కూర్చున్నవాళ్లలో ఎవరైనా ఆ చోట ఉంటే వేరేగా చేయడానికి సందు ఉంటుంది.

పేర్లు, ఊరు, తరగతి అన్నీ మార్చండి. కులం తెలిసే ఆనవాలు ఏదీ ఉంచొద్దు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. మొదట్లో ఒక మండలంలో విన్న సంఘటనని ఉన్నదున్నట్టు ఆడించాను. ఆ సంఘటనలో టీచరు ఆ గదిలోనే, మూడో వరసలో ఉన్నారని నాకు తెలియదు. ఆట సగంలో ఆవిడ లేచి బయటికి వెళ్లారు. వెనకే వెళ్లి క్షమించమని అడిగాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఏ కథనైనా మూడు చోట్ల మార్చకుండా గదిలోకి తీసుకెళ్లలేదు.

పిల్లల మీద లైంగిక వేధింపు, ఈ మధ్యే జరిగిన చావు, ఇవి ఈ ఆటకు పనికిరావు. మాటల్లో అలాంటిది బయటపడితే ఆట ఆపేయండి. చెప్పినవాళ్లతో విడిగా మాట్లాడి, ఫిర్యాదు దాకా వెంట ఉండండి. పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరు బోర్డు మీద ముందే రాసిపెట్టండి.

గది సర్దడం

బెంచీలన్నీ గోడవారకు జరిపి, మధ్యలో సుద్దతో పెద్ద గుండ్రం గీయండి. లోపల ఆట, బయట కూర్చునేవాళ్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కుర్చీ వేయండి, కానీ అదే వరసలో. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారో హెడ్మాస్టరో టేబుల్ వెనక కూర్చుంటే ఎవరికీ నోరు పెగలదు. వాళ్లతో ముందు రోజే మాట్లాడాలి, అందరి ముందు చెప్తే నొచ్చుకుంటారు. “సార్, మీరూ మాతో పాటు కూర్చుంటే టీచర్లకు ధైర్యంగా ఉంటుంది” అంటే చాలామంది సంతోషంగా వస్తారు. కుదరదంటే మొదటి పది నిమిషాలు మాట్లాడించి, గౌరవంగా సాగనంపండి.

ఫోటోల సంగతి కూడా. వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టడం ఎటూ తప్పదు. మొదలవకముందే అందరినీ నిలబెట్టి గ్రూప్ ఫోటో తీసేయండి. తర్వాత ఫోన్లన్నీ బ్యాగుల్లోకి. ఆట వీడియో బయటికి పోతుందన్న అనుమానం ఒక్కరికి వచ్చినా ఎవరూ మనసు విప్పి ఆడరు.

ఒళ్లు కదలాలి

పావుగంట ఆటలు చాలు. మొదట గదంతా నడవమనండి, మీరు “స్టాచ్యూ” అనగానే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి. చిన్నప్పుడు అందరం ఆడిందే కాబట్టి బిడియం పోతుంది.

తర్వాత చేతి ఆట. ఇది బోల్ ఆటల్లో నాకు బాగా ఇష్టమైనది. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడాలి. ఒకరు అరచేయి ఎత్తి రెండోవాళ్ల ముఖానికి జానెడు దూరంలో పెడతారు. చేయి ఎటు పోతే ముఖం అటే పోవాలి, ఆ జానెడు తగ్గకూడదు, పెరగకూడదు. ముట్టుకోవడం ఉండదు. జోడీని ఎవరికి వాళ్లనే ఎంచుకోనివ్వండి, చీర కట్టుకున్నవాళ్లు, వయసైనవాళ్లు ఉన్నారు, నెమ్మదిగా నడిపించమని చెప్పండి. రెండు నిమిషాల తర్వాత నడిపించేవాళ్లు నడిచేవాళ్లుగా, నడిచేవాళ్లు నడిపించేవాళ్లుగా మారాలి. అయిపోయాక రెండే ప్రశ్నలు: నడిపించినప్పుడు ఎట్లా అనిపించింది? నడిచినప్పుడు ఎట్లా అనిపించింది? “మెడ నొప్పి పుట్టింది, ఆవిడ నా వైపు చూడలేదు” అని ఒకరు అంటారు. మీరు దానికి వ్యాఖ్యానం చెప్పొద్దు. తలూపి ముందుకు పోండి. రోజంతా ఆ మాట గదిలోనే ఉంటుంది.

బొమ్మ కట్టడం

ఐదుగురేసి గుంపులు చేసి, “మన బడిలో భయం” అని ఒక్క మాట ఇవ్వండి. ఐదు నిమిషాల్లో మాటలు లేకుండా, ఫోటో తీసినట్టు ఒక బొమ్మగా నిలబడాలి. మిగతావాళ్లు దాని చుట్టూ తిరిగి చూస్తారు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. చూసినవాళ్లు వెంటనే అర్థం చెప్పేస్తారు, “టీచరు కోపంగా ఉంది” అని. అలా కాకుండా ముందు కంటికి కనపడింది మాత్రమే చెప్పమనండి: ఆమె చూపుడువేలు పైకుంది, అతని బొటనవేలు నేలని రాస్తోంది, వెనకాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పిల్లల్ని మనం చూడాల్సిన చూపు ఇదే, అర్థం ఆ తర్వాత.

ఆ తర్వాత అదే గుంపు “ఇలా ఉండాలి” అనే బొమ్మ కట్టాలి. మొదటి బొమ్మ నుంచి రెండో బొమ్మకు మీరు కొట్టే ఐదు చప్పట్లలో చేరుకోవాలి, ఒక్కో చప్పట్టుకి ఒక్క కదలిక. ఎవరు ముందు కదిలారో గమనించమనండి. చాలాసార్లు పిల్లవాడి పాత్ర కదలదు, టీచరు వేలు దిగేదాకా ఎదురు చూస్తుంది.

సన్నివేశం

ముందే మాట్లాడి పెట్టుకున్న నలుగురితో ఐదు నిమిషాల ఆట తయారుచేయండి. మేం ఆడేది ఒకటి చెప్తాను, కావాలంటే వాడుకోండి.

నాలుగో తరగతి శీను. వాళ్లమ్మ తెల్లారకముందే పనికి పోతుంది. చెల్లిని అంగన్‌వాడీలో దించి రావడం శీను పని. ఆయమ్మ వచ్చి తలుపు తీసేసరికి తొమ్మిది దాటుతుంది. బడిలో ఆ రోజు పైనుంచి ఎవరో విజిట్‌కి వస్తున్నారని హెడ్మాస్టరు పొద్దున్నే టీచరమ్మకి చెప్పి ఉన్నారు. తెలుగు పాఠం మధ్యలో శీను గుమ్మంలో నిలబడతాడు.

“యాడికి పొయ్యావురా?”

శీను పలకడు.

“నిన్నే. దినామూ ఇదేనా? నోరు లేదా?”

వెనకనుంచి ఒకడు: “చెల్లెల్ని ఎత్తుకోని తిరుగుతుంటాడు టీచర్!” తరగతి నవ్వుతుంది.

“సరే, నువ్వు లేచి చదువు. విజిట్‌కి వచ్చినాయన నిన్నే అడుగుతాడు.” శీను పుస్తకం తీస్తాడు. చదవలేడు. నిలబడే ఉంటాడు. మర్నాడు గుమ్మం ఖాళీ.

మాటలు బట్టీ పట్టించొద్దు, విషయం చెప్పి వాళ్ల ఇంటి మాటల్లో ఆడనివ్వండి. టీచరమ్మని రాక్షసిలా చేయొద్దు. ఆమెకు కూడా పైనుంచి ఒత్తిడి ఉందని కనపడాలి. చూసేవాళ్లు “ఇది నేనే” అనుకోకపోతే ఈ ఆట వృథా.

“నాకు నటన రాదు సార్” అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నాకు వాళ్లంటేనే ఇష్టం, ఎందుకంటే పద్యనాటకం అలవాటున్నవాళ్లు గొంతు పెంచి సన్నివేశాన్ని లాగేసుకుంటారు. అలాంటివాళ్లకు నేను మన ఒంగోలు సంగతి గుర్తు చేస్తాను. టంగుటూరి ప్రకాశం పంతులు గారు చదువుకునే రోజుల్లో నాటకాల్లో వేషాలు వేశారు. ఆ నాటకాలకు పెద్ద దిక్కు ఆయన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారే. బడి పంతులు పిల్లల్ని కూడగట్టి నాటకం ఆడించడం ఈ నేలమీద నూరేళ్ల పైచిలుకు మాట.

రెండోసారి ఆట: అసలు పని ఇక్కడే

ఒకసారి మొత్తం ఆడాక చెప్పండి: “ఇప్పుడు మళ్లీ మొదటినుంచి ఆడతాం. ఎక్కడ మార్చాలనిపిస్తే అక్కడ చప్పట్లు కొట్టి ‘ఆగు’ అనండి. లోపలికి వచ్చి ఆ పాత్రలో నిలబడి చేసి చూపించండి.”

అందరూ టీచరమ్మ పాత్రలోకే పరిగెత్తుతారు. వచ్చి శీను తల నిమిరి, “ఏం నాన్నా, ఏమైంది?” అంటారు. శీను వేసినాయన వెంటనే కరిగిపోయి అంతా చెప్పేస్తాడు. చప్పట్లు. అక్కడితో ట్రైనింగ్ చచ్చిపోతుంది. అందుకని నేను ఒక నియమం పెట్టుకున్నాను: మొదటి మూడు ప్రయత్నాలు శీను చోటులోనే. బోల్ నియమమూ అదే, బలం తక్కువున్న పాత్రనే మార్చాలి.

కిందటేడు సముద్రం వైపు ఒక మండలంలో ఇలా జరిగింది. ఇరవై ఏడేళ్ల సర్వీసున్న మాస్టారు ఒకాయన “నేను చెప్తాను చూడండి” అంటూ శీనుగా వచ్చారు. ఆరడుగుల మనిషి. తలుపు పక్కన నిలబడ్డారు. ఆయన కూతురి వయసున్న టీచరమ్మ “యాడికి పొయ్యావురా?” అంది. “అంగన్‌వాడీ తెరవలేదు టీచర్” అన్నారు. “రోజూ తెరవదా?” అందామె. వెనకవాళ్లు నవ్వారు. ఆయన మళ్లీ నోరు తెరిచారు. మాట రాలేదు. చేత్తో చొక్కా అంచు పట్టుకుని నలపడం మొదలుపెట్టారు. ఆ చేయి అలా చేస్తోందని ఆయనకు తెలియదు. గదిలో అందరం చూశాం. ఆట ఆపి అడిగాను, “మాస్టారూ, ఏమైంది?” అని. కాసేపటికి అన్నారు: “నేను ఏం చెప్పినా సాకే అవుతుంది. ఆవిడ అడిగింది కానీ, వినడానికి అడగలేదు.”

శీను చోటులో ఎవరు నిలబడినా గెలవరని అర్థమైన తర్వాతే టీచరమ్మ పాత్ర మార్చడానికి తలుపు తీయండి. ఇప్పుడు వచ్చే ప్రయత్నాలు వేరేగా ఉంటాయి. ఆ రోజు ఒకరు ఏమీ అడగకుండా కళ్లతోనే కూర్చోమని చెప్పి పాఠం కొనసాగించారు, మధ్యాహ్నం భోజనాల దగ్గర పక్కన చేరి మాట్లాడారు. ఇంకొకరు మొదటి పీరియడ్‌లో చదివించడం మానేసి పాటో కథో పెట్టారు, ఎవరు ఎప్పుడొచ్చినా కలిసిపోయేలా. మరొకరు నేరుగా అంగన్‌వాడీ ఆయమ్మ దగ్గరికే వెళ్లారు, అప్పటిదాకా సన్నివేశంలో లేని ఆయమ్మ పాత్రని ఒకరు అప్పటికప్పుడు వేశారు. ప్రతి ప్రయత్నంలోనూ మధ్యలో హెడ్మాస్టరుని పంపించండి: “మేడం, విజిట్ వాళ్లు గేటు దగ్గరికి వచ్చేశారు!” టెన్షన్ లేనప్పుడు అందరం మంచివాళ్లమే.

సూత్రధారి నోరు

ఆట నడిపేవాణ్ణి బోల్ జోకర్ అన్నాడు, పేకలో ఏ రంగుకీ చెందని ముక్క కదా అని. మనకు సూత్రధారి అన్న మాట ఉండనే ఉంది. ఆ సూత్రధారి మీరే, మీ పని జవాబు చెప్పకపోవడం. చాలా కష్టం. మనం రోజంతా జవాబులు చెప్పి బతికేవాళ్లం.

కూర్చున్నచోటు నుంచి సలహా ఇస్తుంటే, “సార్, చెప్పొద్దు, వచ్చి చేయండి” అనండి. ప్రయత్నం అయ్యాక ముందు శీను వేసినవాళ్లని అడగండి, “నీకు లోపల ఏమైంది?” అని. తర్వాత టీచరమ్మ వేసినవాళ్లని. చివరికి అందరినీ, “ఇది మన బడిలో జరిగే పనేనా?” అని. జరిగే పని కాకపోతే వాళ్లే “ఇది మాయ సార్” అంటారు. “బాగుంది”, “తప్పు” అన్న మాటలు మీ నోట రాకూడదు. ఎవరూ లేవకపోతే మనసులో పదిదాకా లెక్కపెట్టండి. ఎనిమిదికో తొమ్మిదికో ఎవరో ఒకరు లేస్తారు. ఎవరైనా ఒక్కరే మూడుసార్లు లేస్తుంటే నెమ్మదిగా, “మీ పక్కనున్నవాళ్లు ఏమంటారో చూద్దామా?” అని ఆపండి.

వేషం విప్పడం, చీటీ

ఆటయ్యాక పాత్ర వేసినవాళ్లు చేతులు దులిపి, “నేను శీనుని కాదు, నేను ఫలానా” అని సొంత పేరు చెప్పాలి. చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది కానీ వదలొద్దు, ముఖ్యంగా తిట్లు తిన్న పాత్రకీ, తిట్టిన పాత్రకీ.

తర్వాత గుండ్రంగా కూర్చుని ఇరవై నిమిషాలు మాట్లాడుకోండి. ఫీడ్‌బ్యాక్ ఫారం ఎటూ నింపాలి, అది చివర్లో చూసుకోవచ్చు. అంతకంటే ముందు తలా ఒక చిన్న చీటీ ఇవ్వండి. మీ తరగతిలో శీను లాంటి పిల్ల ఎవరో మనసులో అనుకుని, వచ్చే వారం వాళ్లతో చేయబోయే ఒక్క పని రాయమనండి. పేరు రాయకూడదు. “ప్రేమగా చూసుకుంటాను” లాంటివి ఒప్పుకోవద్దు, కంటికి కనపడే పని రాయాలి: “లేటుగా వస్తే కారణం అందరి ముందు అడగను”, “మంగళవారం వాళ్లవ్వతో మాట్లాడతాను”. చీటీ మీకు ఇవ్వక్కర్లేదు, వాళ్ల పర్సులోనే ఉంటుంది.

రెండు గంటల్లో ఆటలకు పావుగంట, బొమ్మలకు ఇరవై నిమిషాలు, సన్నివేశానికి పది, మిగిలినదంతా రెండోసారి ఆటకీ మాటలకీ ఉంచండి. గంటే ఇస్తామంటే బొమ్మలు కట్టించి ఆపేయండి, సన్నివేశం మొదలుపెట్టి మధ్యలో వదలొద్దు. పై అధికారులు ఇదేం ట్రైనింగ్ అంటే, జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరుకీ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలన్నదనీ, కళల్ని చదువులో కలపమని అదే విధానం చెప్పిందనీ చూపించండి.

వచ్చే కాంప్లెక్స్ మీటింగ్ ఆ చీటీలతోనే మొదలుపెట్టాలి. చేశారా లేదా అని అడగకండి. “చీటీలో రాసింది చేయబోతే ఏం అడ్డం వచ్చింది?” అని అడగండి. కిందటిసారి ఒక టీచరమ్మ చెప్పింది: “లేటెందుకయిందని అందరి ముందు అడగడం మానేశాను సార్. వారమైంది. ఇప్పుడు వాడే లోపలికి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి, ఎవరికీ వినపడకుండా చెప్తున్నాడు. కానీ రోజూ చెప్తున్నాడు, పాఠం ఆగిపోతోంది. ఇప్పుడేం చేయను?” ఎవరూ వెంటనే సలహా చెప్పలేదు. ఇద్దరు లేచి బెంచీలు గోడవారకు జరపడం మొదలుపెట్టారు.